రేకు మీద రాగం పేరుంది... బాణీ లేదు!

ఇబ్రహీంపట్నమైనా, మెట్‌పల్లి అయినా, కోరుట్ల అయినా... తెల్లవారుతూనే గుడి మైకులోంచి వినిపించే పాటల్లో అన్నమయ్యది ఒక్కటైనా ఉంటుంది. పెళ్లి వీడియోలో తలంబ్రాల ఘట్టం రాగానే మళ్లీ ఆయనే. ఆరువందల ఏళ్ల కిందట పుట్టిన వాగ్గేయకారుడి పాట గోదావరి ఒడ్డు పల్లెల దాకా వచ్చిందంటే, అప్పటి నుంచీ ఎవరో ఒకరు పాడుతూనే ఉన్నారనుకోవడం సహజం. నిజానికి అలా జరగలేదు. భజన గోష్ఠుల్లో, అమ్మల నోళ్లలో మిగిలిన కొద్ది పాటలు తప్ప ఆ వేల కీర్తనలు మూడు శతాబ్దాలకు పైగా ఎవరి చెవినా పడలేదు. అవన్నీ తిరుమల గుడిలో ఒక చిన్న రాతి అరలో ఉండిపోయాయి.

ఆ అర ఇప్పటికీ ఉంది. దాని పక్క నుంచే రోజూ వేలమంది వెళుతుంటారు. స్వామి దర్శనమై బయటికొచ్చి, విమాన వేంకటేశ్వరుడికి దండం పెట్టుకుని హుండీ వైపు కదిలే దారిలో, భాష్యకారుల సన్నిధికి దగ్గర్లో కనిపిస్తుంది. పేరు సంకీర్తన భాండాగారం. తాళ్లపాక అర అని కూడా అంటారు. తలుపుకి రెండువైపులా గోడ మీద చెక్కిన బొమ్మలు అన్నమయ్య, ఆయన కొడుకు పెద తిరుమలాచార్యులవని చెబుతారు. 'జరగండి... జరగండి' అన్న కేకల మధ్య అక్కడ ఆగి చూసేవాళ్లు తక్కువ. చేతిలోని ముడుపు మీదే అందరి ధ్యాసా!

రాగి మీద రాయించాలన్న ఆలోచన కొడుకుది. 1408లో పుట్టి 1503లో కన్నుమూసిన అన్నమయ్య మొత్తం 32 వేల కీర్తనలు చెప్పాడని ఆయన మనవడు చినతిరువేంగళనాథుడు ద్విపదలో రాశాడు. తాటాకైతే చెద పడుతుంది, వాన తగిలితే చీకుతుంది. అందుకే పెద తిరుమలాచార్యులు తండ్రి పాటలనీ, తర్వాత తన పాటలనీ రాగిరేకుల మీద చెక్కించాడు. ఒక్కో రేకు మీద సాధారణంగా ఆరు పాటలు, ముందు మూడు, వెనక మూడు. రేకులు రెండువేలకు పైనే. పండగ నైవేద్యాలకు దాతలు బోలెడుమంది ఉండేవారుగానీ, పాటల కోసం అంత రాగి కొన్న కుటుంబం మరొకటి కనపడదు.

1565లో విజయనగరం కూలింది. గుడి మీద పెత్తనం చేతులు మారుతూ వచ్చింది. ఆర్కాటు నవాబులు, ఆ తర్వాత ఈస్టిండియా కంపెనీ, 1843 నుంచి హాథీరాంజీ మఠం మహంతులు. రేకులు ఉన్నచోటే ఉన్నాయి, వాటిలో ఏముందో చదివే మనిషే లేడు.

మధ్యలో ఒకసారి వాటి గురించి ఒక దొర ఆరా తీశాడు. తెలుగు వ్యాకరణం రాసిన ఎ.డి.క్యాంప్‌బెల్. తిరుపతి కొండ మీది గుడిలో రాగిరేకుల మీద పద్యాలున్నాయని విని, మనిషిని పంపి వాటిని పరీక్ష చేయించాడు. తేలిందేమిటంటే ఒక వ్యాకరణ గ్రంథం తప్ప మిగతావన్నీ దేవుడి మీద పాటలట! 1816లో అచ్చయిన తన పుస్తకం ముందుమాటలో ఆ సంగతి నమోదు చేసి, తన దారిన తాను పోయాడు. పాపం, ఆయనకు కావాల్సింది వ్యాకరణం. చేతికందిన నిధిని పెంకులనుకుని వదిలేసినట్టయింది.

మరో వందేళ్లకి, 1922లో, దేవస్థానం శాసనాలను పరిశీలిస్తున్న సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి దృష్టి వాటి మీద పడింది. 1930ల్లో పాటల సంపుటాలు అచ్చు కావడం మొదలైంది. పండిత విజయరాఘవాచార్యులు పూనుకున్నారు. వేటూరి ప్రభాకరశాస్త్రి మనవడు రాసిన ద్విపద చరిత్రను 1949లో వెలువరించి, ఈ పాటలవాడు ఎవరో లోకానికి చెప్పారు. దొరికిన కీర్తనలు పన్నెండు వేలకు పైగా లెక్క తేలాయి. అన్నమయ్య భార్య తిమ్మక్క రాసిన 'సుభద్రా కల్యాణం' కూడా ఆ ఇంటిదే.

అసలు చిక్కు ఇక్కడే మొదలైంది. పాట దొరికింది, కానీ ఎలా పాడాలి?

ప్రతి కీర్తనకూ పైన రాగం పేరు చెక్కి ఉంది. అంతే! స్వరం లేదు. ఫ్రాన్సులో మార్క్ ఆంత్వాన్ షార్పాంతియే అనే సంగీతకర్త ఉండేవాడు. 1704లో పోయాడు. బతికుండగా రాజాశ్రయమంతా వేరొకరిది. పోయాక జనం మరిచిపోయారు. మేనల్లుడు ఆయన రాతప్రతులు 28 సంపుటాలను 1727లో రాజుగారి గ్రంథాలయానికి అమ్మేశాడు. రెండు శతాబ్దాలు దాటాక 1953లో వాటిలోంచి ఒక స్తోత్రగీతాన్ని బయటికి తీసి వాయిస్తే యూరప్ ఊగిపోయింది. టీవీలో యూరోవిజన్ కార్యక్రమాల ముందు మోగే బాణీ అదే. కాగితం మీద ప్రతి స్వరమూ రాసి ఉంది కనుక ఆయన సంగీతం ఆయనదిగానే తిరిగొచ్చింది. మన రేకుల్లో మాట పదిలం, స్వరం గాలికి పోయింది.

పోనీ, రాగం పేరుందిగా అంటే, అదీ నమ్మకం లేదు. రేకుల మీద ముఖారి తరచుగా కనిపిస్తుంది. 1550లో విజయనగరంలో రామామాత్యుడు రాసిన 'స్వరమేళ కళానిధి'లో ముఖారి అంటే అన్నీ శుద్ధస్వరాలుండే మేళం. ఇవాళ కచేరీలో విద్వాంసుడు పాడే ముఖారి పూర్తిగా వేరు. పేరొకటే, మనిషి మారిపోయాడు! కొండమలహరి, అమరసింధు, తెలుగుగాంభోజి లాంటి పేర్లయితే పాడేవాళ్లే లేరు.

అందుకే ఈ పాటలకు మళ్లీ ప్రాణం పోసినవాళ్ల పేర్లు తెలుసుకోవడం అవసరం. మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు చెప్పి 1949లో విశ్రాంతి తీసుకున్న రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ తిరుపతికొచ్చి కూర్చున్నారు. సాహిత్యం, సంగీతం రెండూ తెలిసిన అరుదైన మనిషి. బిడారం కృష్ణప్ప దగ్గర సంగీతం నేర్చినవారు. ఒక్కో పాటలోని భావం, పాదం తూకం చూసుకుంటూ 108 కీర్తనలకు స్వరం కట్టారు. తర్వాత బాలమురళీకృష్ణ, నేదునూరి కృష్ణమూర్తి, 1978లో మొదలైన అన్నమాచార్య ప్రాజెక్టులో గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్. 2025 మార్చిలో కన్నుమూసిన బాలకృష్ణప్రసాద్ ఒక్కరే ఆరువందలకు పైగా కీర్తనలకు బాణీలిచ్చారు. 1980 ప్రాంతంలో ఎమ్మెస్ సుబ్బులక్ష్మి పాడిన 'బాలాజీ పంచరత్నమాల' రికార్డులు ఇంటింటికీ వెళ్లాయి. 1997లో 'అన్నమయ్య' సినిమాతో కీరవాణి మిగతా పని పూర్తి చేశారు.

అంటే... మనం 'అన్నమయ్య పాట' అనుకుని కూనిరాగం తీసేదాంట్లో మాట పదిహేనో శతాబ్దిది, బాణీ మన తాతల కాలానిదీ నాన్నల కాలానిదీను. ఇందులో తక్కువేం లేదు. బాణీ కట్టినవారి పేరు క్యాసెట్ అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉండి, సీడీలొచ్చాక అదీ పోవడమే చిన్నతనం. ఇప్పుడు ఫోన్లో వింటున్నాం, అక్కడ కీర్తన పేరు కింద పాడినవారి పేరు మాత్రం మెరుస్తుంది. ఇక బాణీ పడని కీర్తనలు ఇంకా వేలల్లో ఉన్నాయి. సంపుటాల్లో చదువుకోవడమే!

అన్నమయ్య పుట్టిన తాళ్లపాక రాజంపేట దగ్గర చిన్న పల్లె. వాళ్ల ఇంటి దేవుడు చెన్నకేశవుడి గుడి ఇప్పటికీ ఉంది. ఆరువందల జయంతి వేళ, 2008లో, కడప-తిరుపతి రోడ్డు పక్కన నిలబెట్టిన 108 అడుగుల విగ్రహం బస్సులోంచే కనపడుతుంది. జనం అక్కడ దిగి ఫొటో తీసుకుని పోతారు. ఊళ్లోని గుడి దాకా వెళ్లేవారు తక్కువే, వెళితే ప్రశాంతంగా కాసేపు కూర్చోవచ్చు.

జగిత్యాల వైపు నుంచి వెళ్లేవారికి కరీంనగర్-తిరుపతి రైలుంది, కాకపోతే వారంలో అన్ని రోజులూ నడవదు, పైగా అది విజయవాడ మీదుగా పోతుంది. తాళ్లపాక కూడా చూడాలంటే హైదరాబాద్ చేరుకుని, కడప మీదుగా తిరుపతి వెళ్లే రైలెక్కి రాజంపేటలో దిగాలి. అక్కడి నుంచి ఆటోలో ఊరు దగ్గరే. మర్నాడు తిరుపతి బస్సెక్కితే కొండకి చేరొచ్చు. గుళ్లో విమాన దర్శనం అయ్యాక హుండీ వైపు పరుగు పెట్టకుండా ఒక్క అడుగు నెమ్మదించి భాష్యకారుల సన్నిధి దగ్గర గోడ వైపు చూడండి. తంబురా పట్టుకున్న బొమ్మలు కనపడతాయి.