అచ్చు

తెలుగువారికి సముద్రంతో గల అనుబంధం ఈనాటిది కాదు. శాతవాహనుల నాణేలపై రెండు కొయ్యల ఓడ బొమ్మ నేటికీ కనిపిస్తుంది. 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం సముద్ర వర్తకులకు ధైర్యమిచ్చింది. భోజుని పేర వ్యాప్తిలో ఉన్న యుక్తికల్పతరువు ఓడల కొలతలను, వాటికి పనికివచ్చే కలప జాతులను వివరించింది. గౌతమీ ముఖద్వారానికి చేరువలో ఉన్న కోరంగి ఒకప్పుడు ఓడల నిర్మాణానికీ మరమ్మతులకూ పేరుపొందిన రేవు. అక్కడినుండి ఓడలెక్కి బర్మా వెళ్లిన తెలుగువారిని ఆ దేశంలో కోరంగీలని పిలిచేవారు. 1839లో వచ్చిన పెను తుపాను ఆ రేవు వైభవాన్ని ఊడ్చుకుపోయింది. రేవు పోయినా విద్య పోలేదు. సమీపంలోని తాళ్లరేవు పరిసరాలలో కొయ్య నావలు కట్టే పనివారి ఉలి చప్పుడు ఆ తరువాత కూడా తరతరాలుగా వినిపిస్తూనే వచ్చింది.

ఆ చప్పుళ్లలో ఒకటి ఈ కథలోని వృద్ధునిది. ఎనభై ఏళ్లకు చేరువైన ఆ వడ్రంగి తన యౌవనమంతా నావల మీదనే గడిపాడు. వంపు తిరిగిన పలకను చూపుతోనే కొలవగల నేర్పరి అని చుట్టుపక్కల ఊళ్లలో ఆయనకు పేరు. అయితే కాలం మారింది. ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో 1979లో మద్రాసు కేంద్రంగా ఆరంభమైన బంగాళాఖాత కార్యక్రమం, 1980 దశకంలో తూర్పుతీరపు జాలరులకు ఫైబర్ పడవలను పరిచయం చేసింది. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీలో ఎన్నో నావలు ధ్వంసమయ్యాయి. వాటి స్థానంలో ఫైబర్ పడవలు తీరమంతా పరచుకున్నాయి. అవి తేలికైనవి, పురుగు తొలచదు, ఏటేటా తారు పూయనక్కరలేదు. ఆ వృద్ధుని గుమ్మం తొక్కేవారు క్రమంగా తగ్గిపోయారు. ఒకనాడు ఆయన ఉలులకు నూనె రాసి, గోనె గుడ్డలో చుట్టి, అటక మీద పెట్టేశాడు. ఆ మూటను మరల దింపలేదు. ఫైబర్ పడవలో కాలు కూడా పెట్టలేదు.

ఆయన కుమారునికి ఆ విద్య అబ్బలేదు. అబ్బనివ్వలేదు అనడమే సముచితం. "ఈ పని నాతో పోవాలి. నువ్వు చదువుకో" అని తండ్రి అతనిని బడికి పంపాడు. అతడు బ్యాంకులో గుమాస్తాగా చేరి, ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి, పదవీ విరమణానంతరం సొంత ఊరికి వచ్చాడు. తండ్రీకొడుకుల నడుమ వైరం లేదు. కాని చెప్పుకోవడానికి మాటలూ లేవు. భోజనమైందా, మందు వేసుకున్నావా అనే రెండు ప్రశ్నలతో వారి సంభాషణ ముగిసేది.

ఇలా ఉండగా కుమారుడు ఒక పాత ఫైబర్ పడవను కొన్నాడు. పద్దెనిమిది అడుగుల ఆ పడవ, కుమారులు పట్నాలకు వెళ్లిపోయిన ఒక జాలరి ఇంటి వెనుక, కొబ్బరిచెట్టు కింద బోర్లించి ఉంది. దానిని బాగుచేసుకొని గౌతమీ పాయలలో మడ అడవుల దాకా తిరిగి రావాలని అతని కోరిక. ఎడ్లబండి మీద పడవ ఇంటి పెరటికి వచ్చిన రోజున తండ్రి వసారాలోనుండి లేచి లోపలికి వెళ్లిపోయాడు.

పడవ ఒడలు గట్టిగానే ఉంది. ముందుభాగంలో తాళ్లు దాచే అరకు మూత మాత్రం లేదు. ఆ మూతలో రెండు ఫైబర్ పొరల నడుమ ప్లైవుడ్ పెట్టి ఉండేది. మేకుల రంధ్రాలలోనుండి నీరు చొరబడి, లోని చెక్క కుళ్లి, మూత పిండి పిండిగా రాలిపోయింది. పైకి దృఢంగా కనిపించే వస్తువు లోపలినుండి నశించడమంటే ఇదే. మూత లేని అరలోకి అల నీరు చేరితే పడవ ముక్కు బరువెక్కి మునిగే ప్రమాదం ఉంది. పడవను తయారుచేసిన కర్మాగారం ఏనాడో మూతబడింది. కాబట్టి ఆ మూతను ఇంటిలోనే పోతపోయక తప్పలేదు.

ఫైబర్ వస్తువు తయారీలో మూడు దశలు ఉన్నాయి. మొదట కావలసిన వస్తువు రూపాన్ని కొయ్యతో చేయాలి, ఇది మూలరూపం. దానిపై గాజునారను, రెజిన్ అనే చిక్కని ద్రవాన్ని పొరలుగా పరచి, గట్టిపడిన తరువాత ఊడదీస్తే అచ్చు వస్తుంది. ఆ అచ్చు లోపల మళ్లీ పొరలు పరచి తీస్తే అసలు వస్తువు వస్తుంది. మూలరూపం పైభాగం ఎంత నునుపో, అచ్చు లోపలిభాగం అంత నునుపు. అచ్చు ఎంత నునుపో, వస్తువు అంత నునుపు. మూలరూపం మీద వెంట్రుకవాసి గీత ఉన్నా, ఆ అచ్చులో పుట్టే ప్రతి వస్తువు మీదా ఆ గీత ఉంటుంది. "అచ్చు గుద్దినట్లు" అనే తెలుగు పలుకుబడికి ఇంతకంటె సార్థకమైన ఉదాహరణ దొరకదు.

ద్రవంగా ఉన్న రెజిన్ రాయిలా మారడానికి రెండు మందులు కలపాలి. మొదట కోబాల్టు ద్రావణాన్ని, తరువాత కేటలిస్ట్ అనే పెరాక్సైడును కలుపుతారు. కేటలిస్ట్ 100 గ్రాముల రెజిన్‌కు 1 నుండి 2 గ్రాములకు మించరాదు. ఈ రెండు మందులనూ నేరుగా ఒకదానితో ఒకటి ఎన్నడూ కలపరాదు. కలిపితే పేలుడు సంభవిస్తుంది. రెజిన్‌లోనుండి వచ్చే ఆవిరి ఘాటైనది, హానికరమైనది. గాజునార నూగు చర్మాన్ని దురదపెడుతుంది. అందుచేత గాలి ఆడే చోట, చేతులకు తొడుగులతో, ముక్కుకు తగిన ముసుగుతో, కళ్లద్దాలతో పనిచేయాలి. ఇవన్నీ కుమారుడు శ్రద్ధగా తెలుసుకున్నాడు. తెలుసుకోనిది ఒక్కటే. మొదటి దశ వడ్రంగిదని అతనికి తోచలేదు. తోచినా తండ్రిని అడగడానికి నోరు రాలేదు.

అతడు ప్లైవుడ్ ముక్కలతో తానే ఒక పెట్టె చేశాడు. దాని గోడలు నిటారుగా, అంచులు కత్తివాదరలా ఉన్నాయి. పైన ఒక్కసారి మైనం రుద్ది, ఉత్సాహం కొద్దీ గాజునార పరిచాడు. మరునాడు ఎంత ప్రయత్నించినా అచ్చు ఊడి రాలేదు. నూనె రాయని ఇడ్లీ పళ్లెంలో పిండి పోసినట్లయింది. చివరికి ఉలి పెట్టి తన్నగా మూలరూపం చీలింది. అచ్చు రెండు చోట్ల పగిలింది. నాలుగు రోజుల శ్రమ, కొన్న సామగ్రి వ్యర్థమయ్యాయి. అతడు ముక్కలను పెరటి గోడకు ఆనించి, పడవపై పరదా కప్పి, ఆ మాట ఇక ఎత్తలేదు.

మూడవ రోజు తెల్లవారుజామున పెరటిలోనుండి చప్పుడు వినిపించింది. ఆ ఇంటిలో ఏళ్ల తరబడి వినిపించని చప్పుడు అది. కుమారుడు వెళ్లి చూడగా, తండ్రి పగిలిన అచ్చును ఒడిలో పెట్టుకొని, దాని లోపలి మూలలను వేలితో తడుముతున్నాడు. పక్కన గోనె గుడ్డ విప్పి ఉంది.

"గోడలు నిటారుగా పెడితే ఎలా వస్తుందిరా? బొక్కెన చూడలేదూ? మూతి వెడల్పు, అడుగు ఇరుకు. అందుకే ఒకదానిలోనుంచి ఒకటి వస్తాయి" అన్నాడు.

ఆ ఒక్క వాక్యంలో పెద్ద గ్రంథం చెప్పదగినంత విషయం ఉంది. అచ్చుపని చేసేవారు గోడలకు రెండు మూడు డిగ్రీల వాలు ఉంచేది ఇందుకే. ఆయన ఫైబర్ పని ఎన్నడూ చేయలేదు. కాని వస్తువుల నడవడి ఎరిగినవాడు. అటక మీద మిగిలిన పాత టేకు పలకలను దింపించి, కొత్త మూలరూపం చెక్కనారంభించాడు. అర గట్టు కొలతకు ఫైబర్ మందాన్ని, తేలికగా కదలడానికి కావలసిన సందును చేర్చి గీతలు గీశాడు. మూలలను గుండ్రంగా తీర్చాడు. పదునైన మూలలో గాజునార ఒదగక గాలి చిక్కుకుంటుంది. పైభాగాన్ని చదునుగా ఉంచక, తాబేటి వీపులా కొద్దిగా ఉబ్బెత్తుగా మలిచాడు. "నీరు నిలవదు, కాలు పెట్టినా కుంగదు" అన్నాడు. లోపల చెక్క పెట్టకుండానే మూతకు బలం చేకూరే ఉపాయం అలా దొరికింది. కుళ్లడానికి అందులో ఇక ఏమీ లేదు.

ఆయన చేతులు వణుకుతున్నాయి. ఉలి పట్టినప్పుడు మాత్రం ఆ వణుకు కొంత తగ్గేది. ఒక పూట పనికి రెండు పూటల విశ్రాంతి కావలసి వచ్చేది. లప్పం పూసి, ఉప్పుకాగితంతో రుద్దే పని కుమారునిది. నునుపైందని అతడు అనుకున్న ప్రతిసారీ తండ్రి కళ్లు మూసుకొని అరచేతితో నిమిరి, "ఇక్కడ పల్లం ఉంది" అనేవాడు. కంటికి కనిపించని ఆ పల్లం, రంగు వేసి వెలుతురులో పెట్టి చూస్తే నిజంగానే కనిపించేది. ఇలా పన్నెండు రోజులు గడిచాయి. ఆ పన్నెండు రోజులలో వారు మాట్లాడుకున్న మాటలు, అంతకుముందు పన్నెండేళ్లలో మాట్లాడుకున్నవాటికంటె ఎక్కువ.

ఈసారి కుమారుడు తొందరపడలేదు. మైనాన్ని ఆరుసార్లు పూసి, ప్రతిసారీ మెరుగుపెట్టాడు. దానిపై నీటిలో కరిగే పలుచని ప్లాస్టిక్ ద్రావణాన్ని పూసి ఆరనిచ్చాడు. ఎండ ముదిరితే రెజిన్ చేతిలోనే గడ్డకడుతుంది కనుక, ఉదయపు చల్లదనంలోనే పని ముగించేవాడు. ముందుగా జెల్‌కోట్ అనే పైపూత, తరువాత గాజునార పొరలు. ఒక్కొక్క పొర పరచినప్పుడల్లా రోలరుతో నొక్కి గాలి బుడగలను వెలికితీశాడు. మరునాడు అంచుల సందులలో సన్నని కర్రసీలలు దిగగొట్టి, నీరు పోశారు. లోపలి పొర కరిగి, టప్పున శబ్దం చేస్తూ అచ్చు పైకి లేచింది. దాని లోపలిభాగం అద్దంలా మెరిసింది. వృద్ధుడు అందులో తన ముఖం చూసుకొని, చాలాసేపు అలాగే కూర్చున్నాడు.

తరువాత ఆ అచ్చులో అసలు మూతను చేశారు. చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే గాజునారను మూడు పొరలుగా పరిచారు. మూత చక్కగా వచ్చింది. ఒక మూలలో మాత్రం గోరంత బుడగ మిగిలింది. రంగు వేస్తే కనబడదని కుమారుడన్నాడు. "కనబడదు. సముద్రానికి కనబడుతుంది" అని తండ్రి బదులు పలికి, ఉలి మొనతో ఆ బుడగను తానే చీల్చాడు. అక్కడ మళ్లీ రెజిన్ నింపి సరిచేశారు.

మూతను శుభ్రం చేస్తుండగా కుమారుడు ఒక వింత గమనించాడు. అంచు దగ్గర, చూపు ఆనని చోట, మూడు చిన్న ఉలిగాట్లు ఉన్నాయి. అంత నునుపైన వస్తువు మీద అవి పొరపాటున పడ్డవి కావు. తాను కట్టిన ప్రతి నావకూ ముక్కు లోపలివైపున ఆ వృద్ధుడు అలాంటి మూడు గాట్లే పెట్టేవాడని ఊరిలోని పెద్దలెరుగుదురు. మూలరూపం మీద పెట్టిన గాట్లు అచ్చులోకి, అచ్చులోనుండి మూతలోకి వచ్చాయి. కుమారుడు ఏమీ అడగలేదు. ఆయనా ఏమీ చెప్పలేదు.

ఈ విషయం తెలిసి, అదే రకపు పడవలున్న జాలరులు ముగ్గురు మూతల కోసం వచ్చారు. ఆ అచ్చులోనే వారికీ మూతలు తయారయ్యాయి. గట్టిపడిన ఫైబర్‌ను లోహంలా కరిగించి మరల పోతపోయడం సాధ్యం కాదు. అది మట్టిలో కలిసిపోయేదీ కాదు. పారవేసిన పడవ తరాల తరబడి తీరాన పడి ఉంటుంది. కాబట్టి బాగుచేయగల పడవను బాగుచేసి వాడుకోవడం పొదుపు మాత్రమే కాదు, నేలకూ నీటికీ చేసే మేలు. విద్య కూడా అటువంటిదే. పనికిరాదని అటక ఎక్కించిన నేర్పు, సరియైన సమయంలో దింపి చూస్తే, కొత్త పనికి మూలరూపంగా నిలుస్తుంది.

కార్తికమాసంలో ఒక ఉదయం పడవ నీటిలోకి దిగింది. కుమారుడు తండ్రిని పిలవలేదు. పిలిస్తే రాడేమోనని సందేహించాడు. తాడు విప్పుతుండగా వెనుక కర్ర చప్పుడైంది. వృద్ధుడు గట్టు దిగి వచ్చి, ఒక చేత్తో కుమారుని భుజం పట్టుకొని, పడవలో కాలు పెట్టాడు. ముందుకు నడిచి, తాబేటి వీపులాంటి ఆ మూత మీద కూర్చుని, అది కుంగుతుందేమోనని ఒకసారి గట్టిగా ఊగి చూశాడు. కుంగలేదు.

"పద" అన్నాడు.