నాన్న, ట్రెబుల్ నాబూ

యాంప్లిఫయర్ కొనడానికి మూడు నెలలు పట్టిందంటే మా టీమ్‌లో ఎవడూ నమ్మలేదు. కారు కొనడానికి నాకు రెండు వారాలే పట్టింది మరి.

మాది ముసునూరు, నూజివీడు పక్కన. (ఇప్పటికీ నోటికి కృష్ణా జిల్లా అనే వస్తుంది గానీ 2022 నుంచి ఏలూరు జిల్లా.) నాన్నది మామిడి తోట, రసాలూ బంగినపల్లీ. ఆయనకున్న ఒకే ఒక్క వ్యసనం వీణ. నూజివీడులో పనస కర్రతో వీణలు చేసేవాళ్ళున్నారు కదా, కుర్రతనంలో వాళ్ళ దగ్గర గంటలకొద్దీ కూర్చునేవాడట. వాయించడం రాదు, వినడమే. రేడియోలో ఈమని శంకరశాస్త్రి గారి వీణ వస్తే ఆ పూటకి తోటకి నీళ్ళు లేనట్టే.

మొన్న సంక్రాంతికి వెళ్ళేసరికి మా ఇంట్లో టీవీ వీధి చివరికి వినపడుతోంది. విజయవాడలో చూపిస్తే తేలిందేంటంటే, ఇన్నేళ్ళ ట్రాక్టరూ, మందు కొట్టే మిషనూ కలిసి చెవులు తినేశాయి. పై ఫ్రీక్వెన్సీలు పోయాయి, ఎడమ చెవికి మరీనూ. పెట్టుకోమని ఇచ్చిన వినికిడి మిషను మాటలకి బానే ఉంది. వీణ పెడితే మాత్రం "రేకు డబ్బా మీద కొట్టినట్టుందిరా" అని తీసి జేబులో వేసుకున్నాడు. అవి ప్రధానంగా మాటల కోసం చేసినవి, ఆయన తప్పేం లేదు.

నా ఇంజినీరు బుర్రకి తోచిన మందు ఒకటే, ఎక్కువ వాట్లు. షాపువాడూ అదే పాట, "రెండొందల వాట్లు తీస్కోండి సార్". ఇంటికొచ్చి లెక్క వేశా. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. ఇంట్లో ఉన్న స్పీకర్లు ఒక్క వాటుకే మీటరు దూరంలో 87 డెసిబెల్స్ ఇస్తాయి. 1978లో వచ్చిన నాడ్ 3020 చానెల్‌కి 20 వాట్లతోనే అంత పేరు తెచ్చుకుంది. అయినా నాన్నకి సౌండు చాలక కాదు, మీటు వినపడక. వాల్యూమ్ పెంచితే మిగిలిన వినికిడి కూడా పోతుంది.

హైదరాబాదులో రేగా బ్రియో విన్నా. అబ్బ, ఏం సౌండు! కానీ దానికి టోన్ కంట్రోళ్ళు లేవు. సౌండు పిచ్చోళ్ళకి అదే గొప్ప, ట్రెబుల్ నాబు ముట్టుకుంటే పాపం అన్నట్టు మాట్లాడతారు. నేనూ నిన్నటిదాకా ఆ బాపతే. చివరికి యమహా ఏ-ఎస్301 తీసుకున్నా. 60 వాట్లు, ముందు బాసు, ట్రెబుల్, బాలెన్స్, పక్కన లౌడ్‌నెస్ నాబు. సౌండు తగ్గిస్తే మన చెవికి బాసూ, ట్రెబులూ మరీ పలచబడతాయని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే చెప్పారు. ఈ నాబు ఆ లోటు సర్దుతుంది, మధ్య శబ్దాల్ని తగ్గించి.

తోటల్లో మోటార్లు వేసే టైముకి మా ఇంట్లో వోల్టేజి 180కి పడుతుంది. సరఫరా తగ్గితే యాంప్లిఫయర్ తొందరగా బొంగురుపోతుంది. అందుకని స్టెబిలైజరు కూడా పడింది. దాన్ని ఏ రివ్యూలోనూ చెప్పరేం?

బాలెన్స్ గురించి నేను తెగ లెక్కలేశా గానీ పని చెయ్యలేదు. గదిలో రెండు స్పీకర్ల శబ్దమూ రెండు చెవులకీ వెళ్తుంది, హెడ్‌ఫోన్స్ కాదుగా! నాన్న ఏం మాట్లాడకుండా కుర్చీ తిప్పి కుడి చెవి స్పీకర్ల వైపు పెట్టుకున్నాడు. ట్రెబుల్ చివరికంటా తిప్పాడు. నాకు పళ్ళు జివ్వుమన్నాయి. ఆయన మాత్రం కళ్ళు మూసుకుని "ఆఁ, ఇప్పుడు గోరు తగుల్తోంది" అన్నాడు. అన్నీ తిరిగి రాలేదు. పూర్తిగా పోయినవాటిని ఏ నాబూ తేలేదు. నేను అరుగు మీదకెళ్ళి కూర్చున్నా.

వాల్యూమ్ దాటకూడని చోట అమ్మ బొట్టు బిళ్ళ అంటించింది. మొన్న ఫోన్ చేసి, "బిళ్ళ దాటుతున్నాడా?" అనడిగా. "కాస్త" అంది.