చెయ్యనని చెప్పేవాడు

తెనాలిలో ప్లేస్టేషన్ పాడైతే ఎక్కడికి తీసుకెళ్ళాలని అడిగితే ముందు బోస్ రోడ్డులో ఒక సెల్ షాపు చూపిస్తారు. సెల్ షాపువాడు లాప్‌టాప్‌లు చేసే కుర్రాడి దగ్గరికి పంపుతాడు. ఆ కుర్రాడు పెట్టెను అటూ ఇటూ తిప్పి, "దీని స్క్రూలకి నడిమధ్యన పుల్ల ఉందండీ, మా స్టార్ బిట్టు దిగదు" అని ఇంకొకరి పేరు చెబుతాడు. ఆ ఇంకొకరి దగ్గర మన తిరుగుడు ఆగుతుంది. షాపు బోర్డు మీద "ఎల్‌ఈడీ టీవీ, హోమ్ థియేటర్, ఇన్వర్టర్" అనే ఉంటుంది, వీడియో గేమ్ అన్న మాట ఎక్కడా కనపడదు. లోపల మాత్రం గోడ అరల్లో ప్లేస్టేషన్లు, ఎక్స్‌బాక్సులు, మూతలు ఊడదీసిన కంట్రోలర్లు వరసగా పడి ఉంటాయి. ప్రతిదానికీ ఒక చీటీ, చీటీ మీద ఊరి పేరు. బాపట్ల, రేపల్లె, భట్టిప్రోలు, వేమూరు.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు చీల్చినప్పుడు బాపట్ల, రేపల్లె ఒక జిల్లాలో పడ్డాయి, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. కలెక్టరుతో పని పడితే రేపల్లెవాళ్ళు బాపట్ల వెళతారు. ప్లేస్టేషన్‌తో పని పడితే మాత్రం తెనాలి రైలే ఎక్కుతారు.

ఈ షాపాయన పిక్చర్ ట్యూబుల కాలంలో పని నేర్చుకున్న టీవీ మెకానిక్. ట్యూబులు పోయి ప్యానెళ్ళు వచ్చాక టీవీ రిపేరులో మెకానిక్‌కి మిగిలిన పని తక్కువ. ప్యానెల్ పగిలితే కొత్త టీవీయే నయమని జనానికి తెలిసిపోయింది. ఆ ఖాళీలోకి ఆటల పెట్టెలు వచ్చాయి. ప్లేస్టేషన్ 5 మన దేశంలోకి 2021 ఫిబ్రవరి 2న 49,990 రూపాయల ధరతో దిగింది. అంత పోసి కొన్నదాన్ని ఎవరూ పాత సామాన్లవాడికి వెయ్యరు.

తొంభైల్లో వీటినే టీవీ గేములనేవారు. నింటెండో 1983లో జపాన్‌లో వదిలిన ఫ్యామికామ్‌కి నకళ్ళు పుట్టి, రకరకాల పేర్లతో మన తిరునాళ్ళ అంగళ్ళ దాకా వచ్చాయి. క్యాసెట్టు మీద 9999 ఆటలని ఉండేది, తీరా చూస్తే లోపల కాంట్రా, మారియో, ఇంకో పాతికలోపు ఆటలు పేర్లు మార్చుకుని తిరుగుతుండేవి. ఆట పడకపోతే క్యాసెట్టు ఊడబెరికి ఉఫ్‌మని ఊదడం దేశమంతా తెలిసిన వైద్యం. నిజానికి బాగయ్యేది ఊదినందుకు కాదు, తీసి మళ్ళీ పెట్టినందుకు. నోటి తడి రాగి రేకులకు చెరుపే చేస్తుంది. తెలిసిన మెకానిక్ పెన్సిల్ రబ్బరుతో ఆ రేకుల్ని రుద్ది ఇచ్చేవాడు. అడాప్టరు తిరగేసి గుచ్చితే 7805 అనే మూడు కాళ్ళ రెగ్యులేటర్ కాలేది, అది మార్చేవాడు. అంతకు మించి లోపల చూస్తే బోర్డు నడుమ నల్లటి జిగురు బొట్టు ఒకటి. చిప్పు దాని కిందే ఉంటుంది. దానికి కాళ్ళూ నంబరూ ఏమీ పైకి కనపడవు. ఆ బొట్టు దాకా వచ్చాక, "ఇక కొత్తది కొనుక్కో అబ్బాయ్" అనేవారు. ఈయన చెయ్యననడం నేర్చుకున్నది ఆ బొట్టు దగ్గరేనని నా అనుమానం.

తర్వాత అమెరికా పెట్టెల కాలం వచ్చింది. తెనాలి, బాపట్ల, రేపల్లె, ఈ మూడు ఊళ్ళలో పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్ళకి కొదవ లేదు. సెలవులకి వచ్చేటప్పుడు తమ్ముడికనో మేనల్లుడికనో ఎక్స్‌బాక్స్ 360 పట్టుకొచ్చేవాళ్ళు. ప్లగ్గు మన సాకెట్లో పట్టదు కాబట్టి పక్క కొట్లో పిన్ కన్వర్టర్ కొనేవాళ్ళు. కన్వర్టర్ మార్చేది పుల్లల ఆకారాన్నే, వోల్టుల్ని కాదు. ఆ పెట్టెతో వచ్చే బరువైన అడాప్టరు మీద 100 నుంచి 127 వోల్టులని సన్నక్షరాల్లో రాసి ఉంటుంది. మన గోడలో ఉన్నది 230. అమెరికా కరెంటు కోసమే చేసిన పవర్ సప్లైల్లో మామూలుగా 200 వోల్టులు తట్టుకునే కెపాసిటర్ పెడతారు. 230 వోల్టుల ఏసీని డీసీ చేస్తే 325 దాకా లేస్తుంది. స్విచ్ వేసిన మరుక్షణం టప్‌మని ఒక చప్పుడు, చేపల వేపుడు మాడినట్టు ఒక కంపు, ఇంటిల్లిపాదీ మొహమొహాలు చూసుకోవడం. పెట్టె ఇచ్చినవాడు అప్పటికి విమానంలో ఉంటాడు.

ఇక్కడే మంచి మెకానిక్‌కీ మామూలు మెకానిక్‌కీ తేడా బయటపడుతుంది. మామూలువాడు పెట్టె విప్పుతాడు. ఈయన దాని జోలికి పోడు. అడాప్టరు ఊపి చూస్తాడు, లోపల గలగలమంటుంది. "పోయింది ఇదే మాస్టారూ, పెట్టెకి 12 వోల్టులే వెళ్ళేది, దానికేం కాలేదు" అంటాడు. మన 230కి సరిపోయే అడాప్టరు తెప్పించి తగిలిస్తే పెట్టె నిక్షేపంలా లేచి కూర్చుంటుంది. కాలిన అడాప్టరు బాగుచెయ్యమని బతిమాలేవాళ్ళుంటారు, "అది చెయ్యను" అంటాడు. చేస్తే నడవదని కాదు. మళ్ళీ ఎవరో ఒకరు దాన్ని గోడకే గుచ్చుతారు. తర్వాత్తర్వాత వచ్చిన ప్లేస్టేషన్ల సప్లైలు 100 నుంచి 240 దాకా దేన్నైనా తీసుకునేవే. అక్కడితో ఆ గిరాకీ చాలామటుకు తగ్గిపోయింది.

మూత తియ్యగానే పెట్టె ఏ ఊరిదో చెప్పగలనంటాడు. మొదట కోతలనుకున్నాను, దగ్గర కూర్చుని చూశాక నమ్మాను. బాపట్లకి సూర్యలంక సముద్రం తొమ్మిది కిలోమీటర్లే. ఆ గాలి తిన్న పెట్టెలో ఇనుప రేకులు తుప్పు పట్టి ఉంటాయి, యూఎస్‌బీ నోట్లో పచ్చటి చిలుము. ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాళ్ళు గదుల్లో కిటికీ పక్కన పెట్టుకుంటారు, రాత్రంతా ఉప్పుగాలి తగులుతుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఆ తర్వాత వచ్చిన సెట్లలో తడిసినవాటి కన్నా, పోయిన కరెంటు ఒక్కసారిగా తిరిగొచ్చినప్పుడు దెబ్బతిన్నవే ఎక్కువని చెప్పాడు. రేపల్లె వైపు నుంచి వచ్చేవాటికి సప్లై జబ్బులు. నిజాంపట్నం దాకా రొయ్యల చెరువులే కదా, ఏరేటర్లన్నీ ఒక్కసారి తిరిగితే ఇళ్ళలో వోల్టేజీ కుంగుతుంది, ఆగితే లేస్తుంది అని ఆయన లెక్క. తెనాలి పెట్టెల్లో దుమ్ము. అదీ మామూలు దుమ్ము కాదు, పప్పు మిల్లుల పొట్టు కలిసి ఫ్యాను రెక్కల మీద దుప్పటిలా పేరుకుంటుంది.

మూడు ఊళ్ళకీ సమానంగా ఉన్నది బొద్దింక. ప్లేస్టేషన్ 4 సప్లై వెచ్చగా, చీకటిగా ఉంటుంది, గాలి కంతలు కావలసినంత వెడల్పు. దానికి అంతకన్నా ఏం కావాలి. ఒకసారి నా ఎదుటే మూత తీస్తే ఒక సంసారమే బయటికి పరుగెత్తింది. ఆయన చెప్పు తియ్యలేదు, కంగారూ పడలేదు. సెట్టును వీధిలోకి తీసుకెళ్ళి దులిపి, సప్లై బోర్డును ఐపీఏ అనే స్పిరిట్‌లో ముంచిన బ్రష్షుతో కడిగి, చీటీ మీద బొద్దింక అని రాసి పెట్టాడు. చీటీ మీద ఆ మాట చూసి ఇంటావిడ చిన్నబుచ్చుకుంటుందేమోనన్నాను. "రాయకపోతే మళ్ళీ వంటింట్లోనే పెడతారండీ" అన్నాడు.

మా అక్క మనవడిది బాపట్ల. వాడి ప్లేస్టేషన్ 4కి బొమ్మ రావడం మానేసింది. లైటు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, టీవీలో సిగ్నల్ లేదంటుంది. ఎవరో వైరు కాలికి తట్టుకుని లాగారు. కంపెనీ సర్వీసుకి ఇస్తే బోర్డంతా మార్చాల్సి వస్తుందని ఎవరో భయపెట్టారట, అందుకని రైలెక్కించి తెనాలిలో నా దగ్గరికి పంపారు.

హెచ్‌డీఎంఐ నోట్లో 19 పిన్నులుంటాయి. భూతద్దం కింద పెట్టి నాకు చూపించాడు. రెండు పిన్నులు వెనక్కి మడతపడి ఉన్నాయి. పోర్టు మార్చడమంటే వినడానికి చిన్న పని. ఆ బోర్డులో రాగి పొరలు ఎన్నో ఉంటాయి, పైన ఎంత వేడి పెట్టినా అవి లాగేసుకుంటాయి. తొందరపడి బ్లోయర్ వేడి పెంచితే పక్కనున్న ప్లాస్టిక్ కరుగుతుంది, పోర్టును బలవంతంగా లాగితే దాని కింద వెంట్రుకంత సన్నటి రాగి పట్టీలు ఊడొస్తాయి. అవి ఊడితే ఇక రిపేరు కాదు, శస్త్రచికిత్స. ఈయన ముందు బోర్డును కింద నుంచి వెచ్చబెట్టాడు. పోర్టు నాలుగు కాళ్ళకీ తక్కువ వేడికే కరిగే లెడ్డు కలిపాడు, ఫ్లక్స్ రాశాడు, పక్క భాగాలకి పసుపురంగు టేపు అంటించాడు. బ్లోయర్‌ని గుండ్రంగా తిప్పుతూ ట్వీజర్‌తో పోర్టును తట్టి చూస్తున్నాడు గానీ లాగడం లేదు. అది దానంతటది కదిలిన క్షణంలో పైకెత్తాడు. పాత లెడ్డును రాగి జడతో పీల్చి శుభ్రం చేసి, కొత్తది కూర్చోబెట్టి, 19 పిన్నులకీ ఒక్కొక్కదానికీ మీటరు పెట్టి చూశాడు. ఎదురుగా ఇద్దరు గిరాకీలు నిలబడి, "అయిందా, అయిందా" అంటున్నా తలెత్తలేదు. వాళ్ళలో ఒకాయనకి కోపమొచ్చి వెళ్ళిపోయాడు కూడా.

చెయ్యననేవాటిలో పెద్దది ఎక్స్‌బాక్స్ 360 ఎర్ర లైట్ల జబ్బు. ముందు గుండ్రటి దీపంలో మూడు భాగాలు ఎర్రగా వెలిగి పెట్టె చచ్చిపోయేది. ఒకరిద్దరికి కాదు, ప్రపంచమంతా. 2007 జూలైలో మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి వారంటీ మూడేళ్ళకి పెంచి, అందుకోసం 100 కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టింది. వేడెక్కడం, చల్లారడం, వేడెక్కడం, ఇలా నలిగి చిప్పు అతుకులు పగలడమే కారణం. పెట్టెకి తువ్వాళ్ళు చుట్టి వేడెక్కిస్తే కాసేపు లేస్తుందని జనం కనిపెట్టారు. బ్లోయర్ పెట్టి లేపి డబ్బు పుచ్చుకున్న మెకానిక్‌లకీ లోటు లేదు. కొన్నాళ్ళకి మళ్ళీ అదే ఎరుపు. "లేపగలను, నిలబెట్టలేను" అని ఈయన తిప్పి పంపేసేవాడు. నాలుగు డబ్బులొచ్చే చోట ఆ మాట అనడం నాకు సోల్డరింగ్ కన్నా గొప్ప పనితనంగా కనపడుతుంది.

ప్లేస్టేషన్ 5 విషయంలో ఇంకో రకం జాగ్రత్త. దాని చిప్పుకీ హీట్ సింకుకీ మధ్య పేస్టు బదులు ద్రవ లోహం ఉంటుంది. తెలియనివాడు విప్పి ఒలికిస్తే పక్కన పడ్డ చోటల్లా షార్టే. మొదటి నాళ్ళలో ఈయన వాటిని ముట్టుకోలేదు, నేర్చుకున్నాకే చేతులు పెట్టాడు.

డిస్కు డ్రైవుల దగ్గర మాత్రం చెయ్యననేది మెకానిక్ కాదు, కంపెనీ. ప్లేస్టేషన్ 2 రోజుల్లో లెన్సు అరిగితే లెన్సు మార్చేవారు, ఆట ఆడేది. 2009లో హైదరాబాదు కంపెనీ ఔరోనా తయారుచేసిన "హనుమాన్: బాయ్ వారియర్" డిస్కు ఒకటి, రేపల్లె సెట్టు వాళ్ళు వదిలేసి వెళ్ళింది, ఇప్పటికీ ఆయన పరీక్ష డిస్కు. ఆ తర్వాతి చాలా పెట్టెల్లో డ్రైవు బోర్డుకీ మదర్‌బోర్డుకీ లోలోపల ముడి వేశారు. డ్రైవు తెచ్చి బిగిస్తే సరిపోదు, పాత డ్రైవు చిన్న బోర్డును విప్పి కొత్తదానికి ఎక్కించాలి. ఆ చిన్న బోర్డే కాలితే డబ్బిచ్చి కొన్న డిస్కులు చూసుకుంటూ కూర్చోవడమే. అమెరికా కాపీరైట్ కార్యాలయం 2021లో ఈ ఒక్క పనికి, డ్రైవు మార్చుకోడానికి, తాళం తప్పించుకోవచ్చని అనుమతిచ్చింది. మన కేంద్రం 2022 డిసెంబరు 24న రిపేరు హక్కు పోర్టల్ తెరిచింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్ళు, ఇంటి వస్తువులు, వాహనాలు అని నాలుగు గదులు కట్టారు, ఆటల పెట్టెకంటూ విడిగా గది లేదు. పిల్లల వస్తువు కదా, ఎవరడుగుతారు.

బాగు కాని సెట్లను ఆయన పారెయ్యడు. వెనక గదిలో పేర్చి ఉంటాయి. ఒకదాని ఫ్యాను, ఇంకోదాని సప్లై, మరోదాని స్క్రూలు. తుక్కు విలువ ఈ ఊరికి కొత్తగా చెప్పక్కర్లేదు. ఇనుప నట్లూ బోల్టులతో 2021లో 14 అడుగుల మోదీ విగ్రహం నిలబెట్టిన శిల్పులు కాటూరివారిది తెనాలే.

మా మనవడి సెట్టు తయారైందని చెప్పగానే వాడు ఫోన్లో అడిగిన మొదటి మాట బొమ్మ వస్తోందా అని కాదు, "తాతయ్యా, నా సేవ్ ఉందా?" అని. ప్లేస్టేషన్ 4 హార్డ్ డిస్కు దాని సొంత బోర్డుకే తెలిసిన గూఢలిపిలో రాసుకుంటుంది. తీసి ఇంకో పెట్టెలో పెడితే చెరిపి మళ్ళీ మొదలెట్టమంటుంది. బోర్డు మార్పించి ఉంటే వాడు నెలల తరబడి గెలిచిందంతా పోయేది. పోర్టు మాత్రమే మార్చారు గనక అంతా అక్కడే ఉంది. ఉందిరా అంటే అవతల నుంచి పెట్టిన కేకకి ఫోను చెవికి దూరంగా పెట్టుకోవలసి వచ్చింది.

వెనకనే వాళ్ళమ్మ ఫోనందుకుంది, మెకానిక్‌కి ఇవ్వమంది. ఇంటర్ పరీక్షలు దగ్గర పడుతున్నాయి.

"బాబూ, పార్టు ఇంకా రాలేదని చెప్పవా వాడికి? పరీక్షలయ్యేదాకా."

"సెట్టు తయారైందని ఇప్పుడే చెప్పేశారు కదమ్మా. నేను పార్టు రాలేదంటే రేపట్నుంచి నా మాట ఎవరు నమ్ముతారు?" అన్నాడు. కాస్త ఆగి, "సెట్టు మాత్రం మీరొచ్చి తీసుకెళ్ళేదాకా ఇక్కడే ఉంటుంది. అద్దె తీసుకోను" అని ఫోను నా చేతికిచ్చి, చీటీ మీద మార్చి అని రాసి, పెట్టెను పై అరలో పెట్టాడు.