మేడ మీద తీసిన ఫొటో, ఎందుకు పంపలేదంటే



ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం పోస్టరు కోసం మన మందస కొండల వైపు ఫొటోలు పంపమని గ్రూపులో అడిగారు కదా. ఆలస్యం ఎందుకయిందో చెప్పాలి.

మేం నలుగురం కాశీబుగ్గలో ఒక మేడ మీద గది అద్దెకి తీసుకుని డిగ్రీ చదువుతున్నాం. ఆ రాత్రి నాలుగు ఫోన్లూ ముందేసుకుని వెతికాం. వందల ఫొటోలున్నాయి గానీ, పంపబుద్ధయినది ఒక్కటీ లేదు. హాస్టల్లో వరసగా నిలబెట్టి తీసినవి. దుప్పట్లు పంచుతూ తీసినవి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక, మా ఊరికి బియ్యం తెచ్చినవాళ్లు తీసినవి. అన్నిట్లోనూ మనవాళ్లు కింద కూర్చుని పైకి చూస్తున్నారు. తీసినవాళ్లు మాత్రం నిలబడే ఉన్నారు.

సరే, మనమే తీద్దాం అనుకున్నాం. మాకున్న స్టూడియో ఆ మేడే. వాటర్ ట్యాంకు, బట్టలారేసే తీగ, పిట్టగోడ. కింద నుంచి జీడిపిక్కలు కాల్చే వాసన. తూర్పున ఉద్దానం కొబ్బరిచెట్ల పచ్చని గీత. వాన వెలిస్తే ఉత్తరాన మహేంద్రగిరి, 1,501 మీటర్ల ఎత్తు కొండ.

ఫోన్ కెమెరా సెట్టింగుల్లో గ్రిడ్ అని ఉంటుంది. ఆన్ చేస్తే తెర తొమ్మిది గళ్లవుతుంది. గీతలు కలిసే చోట్లు నాలుగు. మనిషిని నడిమధ్యలో కాకుండా ఆ నాలుగింటిలో ఒకదాని దగ్గర ఉంచితే, పక్కన ఉన్న లోకానికి కూడా చోటు దొరుకుతుంది. ఈ మూడో వంతు నియమం ఫొటోలు రాకముందుదే. 1797లోనే జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు బొమ్మల గురించి రాశాడు.

తర్వాత గీతలు. ఫోన్‌ని పిట్టగోడ అంచుకి దగ్గరగా పెడితే ఆ అంచే చూపుని కొండ దాకా తీసుకుపోతుంది. తర్వాత వెనక ఏముందో చూసుకోవడం. మొదటి రోజు మాలో ఒకడి తల మీంచి డిష్ గొట్టం మొలిచింది! ఆఖరిది కెమెరా ఎత్తు. ఎదుటి మనిషి కళ్లు ఎంత ఎత్తులో ఉంటే ఫోన్ అంతే ఎత్తులో ఉండాలి.

మాలో హిస్టరీ చదివేవాడు ఒక మాటన్నాడు. 1909లో ఎడ్గార్ థర్స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు. మన సవరలూ అందులో ఉన్నారు. ఆయన మనుషుల తలలు, ముక్కులు కొలిచేవాడు. కొలవడానికయితే మనిషి నిటారుగా, కదలకుండా ఉంటే చాలు, వెనక కొండ అక్కర్లేదు. మన ఆధార్ ఫొటో కూడా అంతే కదా అన్నాడు.

ఆదివారం మాలో ఒకడి అమ్మ సంతకి అనాస పండ్లు తెచ్చింది. మిగిలిన రెండూ పట్టుకుని మా మేడెక్కింది. ఫొటో అనగానే గోడకి ఆనుకుని, చేతులు కిందికి చాపేసి, ఊపిరి బిగబట్టింది. "పిన్నీ, అలాగొద్దు, కూకో, పండు కొయ్యి" అన్నాం. ట్యాంకు దిమ్మ మీద కూర్చుంది. ఆమె కళ్ల ఎత్తుకి మేం మోకాళ్లు వంచాం. ఆమె ఎడమ గీత మీద, చూపు ముందర ఖాళీ, ఆ ఖాళీలో మహేంద్రగిరి. పడమటి ఎండ చెంప మీద పడింది. కాసేపటికి మమ్మల్ని మర్చిపోయి ఏదో గుర్తొచ్చి నవ్వుకుంది. అప్పుడు తీశాం.

చూపిస్తే వేలితో పెద్దది చేసుకుంది. "ఇందల మన కొండ కూడా పడిందిరా!" అని మురిసిపోయింది. తర్వాత, "దీన్ని ఎవులికి పంపిస్తార్రా?" అంది.

పోస్టరు సంగతి చెప్పాం. కాసేపు మాట్లాడలేదు. "జాకెట్టు సిరిగిపోనాది, సూడలేదా? దీన్ని గోడలకి అంటించేస్తారా?"

మేం గళ్లు చూశాం, ఎండ చూశాం, కొండ చూశాం. భుజం దగ్గర చిరుగు చూడలేదు. దుప్పట్లు పంచినవాళ్ల మీద అంత కోపం తెచ్చుకున్న మేం కూడా ఆమెని ముందుగా ఒక్క మాట అడగలేదు. మోకాళ్లు వంచితే సరిపోతుందనుకున్నాం.

ఆ ఫొటో ఒక్క ప్రింటు తీయించి ఆమెకే ఇచ్చేశాం. ఫోన్లో ఉంచుకోవచ్చా అని అడిగితే, "ఉంచుకోండి, పంపకండి" అంది.

అందుకే ఈ పోస్టుతో ఫొటో లేదు. వచ్చే ఆదివారం ఊరికి రమ్మంది. మంచి చీర కట్టుకుంటుందట, ఎక్కడ నిలబడాలో తనే చెబుతుందట. అడ్మిన్ అన్నలూ, పోస్టరుని అప్పటిదాకా ఆపగలరా? మిగతా ఊళ్లవాళ్లు కూడా ఫొటో పంపేముందు అందులో ఉన్నవాళ్లకి ఒకసారి చూపించండి. ఏమంటారో వినండి.