కొల్లేటి గట్టున కంట్రీ పాట

పంక్ రాక్ కోపం మీద బతుకుతుంది. 1976లో వచ్చిన రామోన్స్ తొలి ఆల్బంలో 14 పాటలు. అన్నీ కలిపినా అరగంట దాటవు. గురువు అక్కర్లేదు, ఏళ్ల సాధన అక్కర్లేదు, నాలుగు కార్డ్స్ పట్టడం వస్తే గొంతెత్తవచ్చని ఆ కుర్రాళ్లు లోకానికి చాటారు. తాడేపల్లిగూడెంలో చదువుకునే రోజుల్లో ఆ మాట నాకు కొండంత అండ. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే మార్కులూ ర్యాంకులూ చుట్టాల ఆరాలూ అన్నీ ఆ హోరులో కొట్టుకుపోయేవి.

కొన్నేళ్లకు ఆ హోరంటే విసుగొచ్చింది. కోపం చల్లారలేదు గానీ, దానికి అవతలున్న బతుకు కనబడసాగింది. మా కొల్లేటి చేపల చెరువు లీజు, మేత బాకీ, తెల్లారేసరికి ఆక్సిజన్ పడిపోయి తేలిపోయిన చేప, గట్టు మీద ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్న రైతు. ‘ఇది నాకొద్దు’ అని చెప్పడంలో పంక్‌ని మించింది లేదు. వద్దన్నా వదలని వాటితో రోజూ వేగేవాడికి ఇంకో పాట కావాలి.

అంకుల్ టుపెలో అలాంటి పాటే కట్టింది. ఇల్లినాయ్‌లోని బెల్‌విల్ కుర్రాళ్లు వాళ్లు. మొదట పంక్ వాయించినవాళ్లే. 1990లో తెచ్చిన తొలి ఆల్బంకి ‘నో డిప్రెషన్’ అని పేరు పెట్టారు. ఆ పేరు 1936లో కార్టర్ ఫ్యామిలీ రికార్డు చేసిన పాటది. ఆర్థిక మాంద్యంలో నలిగిన జనం, పరలోకంలోనైనా ఈ లేమి ఉండదని పాడుకున్న పాట. 1992లో ఈ బృందం బొగ్గుగని కార్మికుల పాటల్నీ పాత పల్లెపాటల్నీ దగ్గరకు తీసుకుని, హోరు తగ్గించి, ఐదు రోజుల్లో ఓ ఆల్బం రికార్డు చేసింది. 1994లో బృందం చీలి విల్కో, సన్ వోల్ట్ అనే రెండు బృందాలు పుట్టాయి. పంక్‌నీ కంట్రీనీ కలిపిన ఈ దారికి ఆల్ట్-కంట్రీ అనే పేరు స్థిరపడింది.

నన్ను పట్టేసింది మాత్రం చీలకముందు 1993లో వాళ్లు తెచ్చిన ‘అనొడైన్’ ఆల్బంలో లాయిడ్ మెయిన్స్ వాయించిన పెడల్ స్టీల్ గిటార్. బల్లలా పరిచిన తీగల్ని కుడిచెయ్యి మీటుతుంది, ఎడమచేతిలో ఉక్కు కడ్డీ వాటి మీద జారుతుంది, పాదం పెడల్ నొక్కితే తీగ బిగువు మారి స్వరం వంగుతుంది. మన గోటువాద్యం విన్న చెవికి ఈ జారుడు కొత్త కాదు. ఒక స్వరం నుంచి మరో స్వరానికి దూకెయ్యకుండా, నడుమనున్న దూరాన్నంతా తాకుతూ పోతుంది. పంక్‌లో నాకు దొరకనిది ఆ నడుమ దూరమే.

ఆ చెవితో ఎంకి పాటలు మళ్లీ విన్నాను. వాటిని రాసిన నండూరి వెంకట సుబ్బారావు పుట్టింది ఏలూరు దాపునున్న వసంతవాడలో. మద్రాసులో చదువుకునే రోజుల్లో పాటలు కట్టడం మొదలుపెట్టారు. 1925లో పుస్తకం వచ్చింది. ఆ తర్వాత ఏలూరులోనే వకీలుగా స్థిరపడ్డారు. ఇంగ్లీషు చదువు చదివిన మనిషి ఎంకినీ నాయుడుబావనీ వాళ్ల యాసలోనే మాట్లాడనిచ్చాడు. ఇదేం కవిత్వమని ముఖం చిట్లించిన పండితులున్నారు. జనం మాత్రం గుండెకు హత్తుకున్నారు. శ్రీరంగం గోపాలరత్నం పాడుతుంటే వినండి. కచేరీల్లో రాటుదేలిన ఆ గొంతు, పల్లె మాటకు అడ్డం రాకుండా సంగతి వేస్తుంది. చదువుకున్నవాడు ఊరి పాటను ఎత్తుకోవడం ఎలాగో బెల్‌విల్ కుర్రాళ్లకు చాలా ముందే మా ఏలూరు వకీలు చేసి చూపించాడు.

ఆయన ఎంకి ప్రేమను పాడాడు. కొల్లేటి కష్టం ఇంకా పాటకు బాకీ ఉంది. 1999లో సరస్సు అభయారణ్యమైంది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ కింద సరస్సులోని చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఆ తర్వాత పని వెతుక్కుంటూ వలసపోయిన లంక గ్రామాల వాళ్లున్నారు. కొల్లేటి పెద్దింట్లమ్మ జాతరలో డీజే బాక్సులు మోగినంత సేపూ వాళ్ల మాట వినబడదు. పెదఎడ్లగాడి వంతెన దాటి రోజూ ఏలూరు కాలేజీకొచ్చే పిల్లల్లో గిటారు పట్టినవాళ్లూ, డప్పు తెలిసినవాళ్లూ ఉంటారు. వాళ్లని నేను అడిగేది ఒకటే: మీ నాన్న మేత బాకీ గురించి, మీ అమ్మ మాట్లాడే మాటలోనే ఒక పాట కట్టండి. నాలుగు కార్డ్స్ చాలు. ఆ ధైర్యం పంక్ ఇచ్చింది, ఆ భాష నండూరి ఇచ్చారు. మిగతాది మీ ఊళ్లోనే ఉంది.