వరంగల్ దిగిన తరువాత

సూరత్ నగరమున తెలుగువారి బ్రతుకుతెరువును చూచి వ్రాయవలసినదని సంపాదకులు పంపగా, వజ్రాల సానశాలలు, జరీ బజారు, తాపీనది వంతెనలు అన్నియు చూపెదనని బయలుదేరదీసిన మిత్రుని ఉత్సాహమును నీరుగార్చి, నేను లింబాయత్‌లోని ఒక మరమగ్గాల కార్ఖానాలోనే చతికిలబడితిని.

సాంచాల హోరులో అచ్చట ఒకరి మాట ఒకరికి వినబడదు. పెదవుల కదలికను బట్టియే సంభాషింతురు. నా చూపు ఒక ఏబదియేండ్ల నేతగాని వ్రేళ్లపై నిలిచిపోయినది. పడుగులో పోగొకటి తెగగా, ఆయన సాంచెను ఆపి, వేలకొలది సన్నని పాలియెస్టరు పోగులలో తెగినదాని కొసను కంటితో గాక గోటితోనే వెదకిపట్టి, బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ మెలివెట్టి ముడివేసి, కొక్కెముతో అచ్చు కన్నునుండియు పన్నె సందునుండియు ఈవలికి లాగి, మరల పిడిని నెట్టువరకు నేను రెప్ప వేయనైతిని. కొంతసేపటికి ఆ ముడి గుడ్డలోనికి దిగినపుడు తడిమి చూచితిని; ఆనవాలు చిక్కలేదు. ఇట్టి చేతులను మన పల్లెలు పోగొట్టుకొన్నవి.

షిఫ్టు మారువేళ చాయ దుకాణము కడ ఆయన ప్రక్కవానితో అనుచున్నాడు: “వరంగల్ దాక ఫికర్ లేదు బావా. ఆడికెల్లి మా ఊరికి పోవుడే పెద్ద పయనం.”

ఆయనది పరకాల ఆవలి పల్లె. అహమ్మదాబాదునుండి చెన్నపట్టణము పోవు నవజీవన్ ఎక్స్‌ప్రెస్ అర్ధరాత్రి దాటినాక సూరత్ విడిచి, నందుర్‌బార్, భుసావళ్, వార్ధా, బల్లార్షాల మీదుగా వరంగల్ చేరుసరికి మరునాడు పొద్దుగుంకును. హనుమకొండనుండి పరకాలకు బస్సులకు కొదువలేదు. పరకాలనుండి ఊరికి పోవు ఆఖరి బస్సు మాత్రము ఆసరికే వెడలిపోవును. మునుపు రాత్రి ఊరిలోనే నిలిచి తెల్లవారుజామున కదలు నైట్‌హాల్ట్ బస్సొకటి ఉండెడిదట. ఎక్కువారు లేరని దానిని తీసివైచిరట.

ఎక్కువారు ఎక్కడనుండి వత్తురు? వారందరు ఇచ్చటనే యున్నారు గదా! 2001లో ఇంచుమించు 24 లక్షలైన సూరత్ జనాభా 2011 నాటికి 44 లక్షలు దాటినది. 2006లో పొలిమేర పల్లెలను కలుపుకొనుటచే కొంత పెరిగినమాట నిజమే గాని, ఒడిశా, ఉత్తరప్రదేశ్, మహారాష్ట్ర, తెలంగాణములనుండి పొట్ట చేతబట్టుకొని వచ్చినవారు లేనిదే ఈ నగరము ఇంతటిది కాదు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున సైతము బడులు నడుపుచున్నది. జనము చేరినచోటికి బడి వచ్చినది, బస్సు వచ్చినది. జనము తరిగినచోట ఉన్న బస్సు ఊడినది. లెక్కల పుస్తకములో ఇది సబబే కావచ్చును. నాకు మాత్రము మింగుడుపడదు. పనిచేయగల వయసువారు వెడలిపోగా పల్లెలో మిగిలినవారు ముసలివారు, బాలింతలు, బడిపిల్లలు; సొంత బండి లేనివారు, ఆసుపత్రికైనను సంతకైనను బస్సునే నమ్ముకొన్నవారు. జనసంఖ్య తగ్గినకొలది వారి అక్కర హెచ్చునే గాని తగ్గదు. 2023 డిసెంబరునుండి తెలంగాణమున స్త్రీలకు పల్లెవెలుగు బస్సులలో టిక్కెట్టు లేదు. మెచ్చదగిన పనియే, కాని రాని బస్సులో ఉచితప్రయాణ మేమి?

సూరత్, భివండీలకు వలసపోయిన నేతన్నలను తిరిగి రప్పింతుమని 2017లో గీసుగొండ, సంగెం మండలాల నడుమ కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కునకు శంకుస్థాపన చేసిరి. ఆ ప్రస్తావన తేగా, ఆయన చాయ గ్లాసు క్రిందబెట్టి, కోపమైనను లేక, పని లెక్క చెప్పువానివలె అనెను:

“మంచిగనే కడుతున్నరట సారూ. పోదమనే ఉంటది. కని ఊళ్లె ఉండి పొద్దుగాల షిఫ్టు అందుకోవాల్నంటే ఏ బస్సెక్కాలె? వరంగల్లనే కిరాయికుంటె, ఇక్కడి కిరాయి ఏం పాపం జేసింది?”