తెరపై కనబడని ఆకలి

1943వ సంవత్సరము చివరి దినములు. నాటి కృష్ణాజిల్లాలోని తిరువూరునుండి రైతొకడు పనిమీద బెజవాడకు వచ్చి, సాయంకాలము సినిమాశాలలో ప్రవేశించెననుకొందము. అతడు కోరివచ్చినది పౌరాణిక చిత్రము. కాని తెరపై మొదట దేవతలు కనబడలేదు. యంత్రమువద్ద నిలిచిన కార్మికుడు, పంటకోయు కర్షకుడు, సైన్యములోనున్న కుమారుని జాబు చదివించుకొను తల్లి కనబడిరి. వెనుకనుండి ఒక గంభీరస్వరము తెలుగులో వారి కష్టమును కొనియాడుచుండెను. తనవంటివానిని తెరపై చూచి ఆ రైతు ఎంత మురిసియుండునో!

అవి యుద్ధప్రచార చిత్రములు. 1939లో ఆరంభమైన రెండవ ప్రపంచయుద్ధమున, పోరాటము రణరంగముననే కాక ఇంటను, పొలమునను కూడ సాగునని ప్రభుత్వములు గ్రహించినవి. ప్రజల ధైర్యము సడలినచో సైన్యములు నిలువజాలవు. అందుచే సామాన్యుల నిత్యజీవితమే చిత్రవస్తువైనది. ఇంగ్లండులో హంఫ్రీ జెన్నింగ్సు 1942లో 'లిజన్ టు బ్రిటన్' అను చిత్రమున వ్యాఖ్యానము లేకయే, యంత్రముల రొదను, జనుల పాటలను వినిపించి, బాంబులకు వెఱవని ప్రజలను చూపెను.

మనదేశమున ప్రభుత్వము 1940లో చిత్రసలహా మండలిని, 1943లో 'ఇన్ఫర్మేషన్ ఫిల్మ్స్ ఆఫ్ ఇండియా' అను సంస్థను నెలకొల్పినది. ఎజ్రా మీర్ అను దర్శకుడు అందు చిత్రనిర్మాణమును నడపెను. తెలుగుతోపాటు ఆంగ్లము, హిందుస్థానీ, బెంగాలీ, తమిళ భాషలలో ఈ చిత్రములు వెలువడెను. ప్రతి ప్రదర్శనమునందును ప్రభుత్వము ఆమోదించిన చిత్రములను రెండువేల అడుగులవఱకు చూపవలెనని 1943లో శాసనము చేసిరి. అది ఇంచుమించు ఇరువది నిమిషముల కాలము. ప్రేక్షకుడు కోరినను కోరకున్నను అవి తప్పవు.

ఆ చిత్రములన్నియు అసత్యములని చెప్పరాదు. కొబ్బరిచెట్టు ఉపయోగములను చూపిన 'ట్రీ ఆఫ్ వెల్త్' వంటి చక్కని చిత్రములు అందు కలవు. పొలములో రైతు చెమటోడ్చుట నిజము. తల్లి జాబుకై ఎదురుచూచుట నిజము. లోపము చూపినదానిలో కంటె చూపనిదానిలో అధికము. 1942లో బర్మా జపానువారి వశమైనంత అచటి బియ్యము రాక నిలిచెను. ఆ యేడు ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు పడెను. 1943లో వంగదేశమున కఱవు వచ్చి లక్షలాది జనులు మరణించిరి. ఈ ఆకలికి ఆ తెరపై తగిన చోటు లభింపలేదు. సినిమాశాలనుండి ఇల్లుచేరిన రైతునకు దీపములోనికి కిరసనాయిలు దొరకుటయే కష్టముగానుండెను.

ఆ మౌనమును ఒక పత్రిక భంగపఱచినది. కలకత్తాలోని 'స్టేట్స్‌మన్' సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్ 1943 ఆగస్టు 22వ తేదీన కఱవు బాధితుల ఛాయాచిత్రములను ప్రకటించెను. అతడు ఆంగ్లేయుడే. పాలించు జాతివాడైనను అతడు సత్యమును దాచలేదు.

ప్రజల విశ్వాసమును పొందని ఆ ప్రభుత్వసంస్థ 1946లో మూతపడెను. దాని ఫలితమేమి? 1947 ఆగస్టు 15వ తేదీన స్వాతంత్ర్యోత్సవమును చిత్రించుటకు ప్రభుత్వమునకు సొంత చిత్రసంస్థయే లేకపోయెను! ఇతరులు తీసిన చిత్రములే నేడు ఆ మహాదినమునకు సాక్ష్యములు. 1948లో ఫిల్మ్స్ డివిజన్ ఏర్పడి ఆ కొఱతను తీర్చినది.

దోషము కెమెరాది కాదు. అద్దము ఎటు త్రిప్పిన అటున్నదే చూపును, త్రిప్పునది చేయి. కావున ఏ చిత్రమును చూచినను, ఇది ఎవరు తీసిరి, ఏల తీసిరి, ఏమి విడిచిరి అని ప్రశ్నించుట మంచి ప్రేక్షకుని లక్షణము. ఆ తిరువూరు రైతు తెరపై తన పొలమును చూచి సంతసించుట తప్పుకాదు. తన ఇంటి దీపమేల వెలుగలేదని అడుగుటయు తప్పుకాదు.